కారు ఆయన దగ్గర, ఆర్సీ మీ పేరున: ముందు ఇన్సూరెన్స్ సంగతి చూడండి

ప్రశ్న: నేను నెల్లూరులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 42,000 వస్తుంది. మావారికి కావలి దగ్గర రొయ్యల చెరువులు. ఆయనకు పే స్లిప్ లేదని మూడేళ్ల కిందట కారు లోను నా పేరున తీసుకున్నాం. 7 లక్షలు, ఏడేళ్లు, 9.5 శాతం వడ్డీ. ఆర్సీ కూడా నా పేరునే ఉంది. ముందు కట్టిన రెండున్నర లక్షలు మా నాన్న ఇచ్చారు. ఎనిమిది నెలలుగా బాబుతో పుట్టింట్లో ఉంటున్నాను. ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకోవాలనుకుంటున్నాం. కారు ఆయన దగ్గరే ఉంది, ఈఎంఐ 11,440 మాత్రం నా ఖాతాలోంచి పోతోంది. ఆయన ముసునూరు టోల్‌గేట్ దాటినప్పుడల్లా మెసేజ్ నా ఫోన్‌కి వస్తుంది. ఈఎంఐ ఆపేస్తే బ్యాంకువాళ్లే కారు పట్టుకుపోతారు, అప్పుడు దిగొస్తాడని మా అన్నయ్య అంటున్నాడు. లేకపోతే నగలు తాకట్టు పెట్టి, తక్కువపడే లక్షన్నర తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చి లోను మూసేయనా? ఇన్సూరెన్స్ వచ్చే నెలతో అయిపోతుంది. వాడుకునేది ఆయన కాబట్టి ఆయనే కట్టుకోవాలి కదా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదే అన్నిటికంటే ముందు తేలాలి. ఇన్సూరెన్స్ మీరే కట్టండి. గడువు తేదీ దాకా ఆగొద్దు, ఈ వారమే కట్టండి. న్యాయంగా ఆయనే కట్టాలన్న మాట నిజమే. కానీ రోడ్డు మీద ఏదైనా జరిగితే ఆ న్యాయం మీకు అక్కరకు రాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. అందరూ ఈఎంఐ గురించే బాధపడతారు, పాలసీ తేదీని ఎవరూ పట్టించుకోరు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మోటారు వాహనాల చట్టం దృష్టిలో బండి ఎవరి పేరున రిజిస్టరైతే వాళ్లే యజమాని. బండి అమ్మేసి చేతులు మారినా సరే, ఆర్సీలో పేరు మారనంత వరకు ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత ఆ పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీరు బండి అమ్మను కూడా లేదు. రేపు హైవే మీద ఆ కారు ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ నోటీసు నెల్లూరులో మీ ఇంటికే వస్తుంది. పాలసీ ఉంటే థర్డ్ పార్టీ, అంటే ఆ కారు గుద్దిన బయటివాళ్ల, ప్రాణనష్టానికి, గాయాలకు ఎంత పరిహారం వేసినా కంపెనీ చూసుకుంటుంది. లేకపోతే మీ జీతం, మీ నగలు, మీ నాన్న ఇవ్వబోయే ఆస్తి, అన్నీ దానికి లెక్కలోకి వస్తాయి. పాలసీ లేనందుకు పోలీసులు వేసే 2,000 జరిమానా దీని ముందు లెక్కే కాదు.

ఇంకో సంగతి. కొత్త కారు కొన్నప్పుడు థర్డ్ పార్టీ కవర్ మూడేళ్లకు కలిపి తీసుకోవాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉంది. ఏటా మీరు రెన్యువల్ చేస్తూ వచ్చింది సొంత డ్యామేజీ భాగం, అంటే మీ కారుకు జరిగే నష్టానికి ఇచ్చేది. ఆ మూడేళ్లూ ఇప్పుడు నిండుతున్నాయి కాబట్టి వచ్చే నెల రెండూ ఒకేసారి అయిపోతాయి. గడువులోపు అయితే ఫోన్‌లోనే పని అయిపోతుంది. ఒక్కరోజు దాటినా ఈ రెండూ కలిసిన సమగ్ర పాలసీ కోసం బండిని చూపించమంటారు. బండి కావలిలో, మీరు నెల్లూరులో. ఆయన ఫొటోలు పంపేదాకా మీరు ఎదురుచూస్తూ కూర్చోవాలి. 90 రోజులు దాటితే నో క్లెయిం బోనస్, అంటే క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది. ప్రీమియం ఒక ఈఎంఐ అంత అవుతుందేమో. విడాకుల సెటిల్‌మెంటులో ఆ డబ్బు ఆయన ఇవ్వాల్సిన లెక్కలో రాయండి, రసీదు దాచండి.

పాలసీ కట్టగానే ఆయనకు వాట్సాప్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ ఒక మాట రాయండి: లైసెన్సు లేనివాళ్లకు బండి ఇవ్వొద్దని, బాడుగకు తిప్పొద్దని. చెరువుల దగ్గర సంగతి నాకు తెలుసు. మేత బస్తాలు డిక్కీలో వేసి కాపలా కుర్రాడి చేతికి తాళాలు ఇచ్చేస్తారు. ఆ కుర్రాడికి లైసెన్సు లేకపోతే కంపెనీ బాధితులకు చెల్లించి, ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పాలసీలో ఉండే 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా కూడా మీ పేరునే ఉంటుంది. ఆయన నడుపుతుండగా ఏమన్నా అయితే అది ఆయనకు రాదు. ఈ ఒక్క మాట చెబితే పేరు మార్పిడికి ఆయనే తొందరపడొచ్చు. టోల్ మెసేజ్‌లు మాత్రం తీసేయకండి. కారు ఎవరి చేతిలో ఉందో చెప్పే రుజువులవి.

ఇక మీ అన్నయ్య సలహా. ఈఎంఐ ఆపితే దెబ్బ తగిలేది మీకు. లోను మీ ఒక్కరి పేరునే ఉంది, కాబట్టి సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చూపే మార్కు) మీదే పడిపోతుంది, ఆయనది చెక్కుచెదరదు. 90 రోజులు దాటితే మొండి బకాయిగా రాస్తారు. కారు పట్టుకుపోయి వేలం వేసినా, వచ్చిన డబ్బు చాలకపోతే మిగిలింది మీరే కట్టాలి. మీ ఇద్దరి మధ్య గొడవతో బ్యాంకుకు సంబంధం లేదు. ఈఎంఐ కడుతూనే ఉండండి, స్టేట్‌మెంట్లు దాచండి.

మూడు రూపాయల వడ్డీ మాట మళ్లీ ఎత్తొద్దు. అంటే ఏడాదికి 36 శాతం. మీ లోను ఇంకా 4,55,000 దాకా ఉంటుంది. దాని మొత్తం మీద బ్యాంకు ఈ నెల తీసుకునే వడ్డీ దాదాపు 3,600. మీరు తెస్తానంటున్న లక్షన్నరకే నెలకు 4,500 వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. పైగా లోను మూసేసినా కారు ఆయన దగ్గరే ఉంటుంది కదమ్మా! నగలు పోయి, కొత్త అప్పు నెత్తికెక్కి, బండి మీద ఆయన తిరుగుతాడు. ఇది కొరివితో తల గోక్కోవడమే.

దారులు రెండే. కారు ఆయనకు కావాలంటే ఆయన డబ్బుతో, లేదా ఆయన పేరున కొత్త లోనుతో మీ లోను మూయాలి. బ్యాంకు ఎన్‌వోసీ (అప్పు తీరింది, అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చాక ఫారం 35తో హైపోథికేషన్, అంటే ఆర్సీలో బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, తీయించి, 29, 30 ఫారాలతో ఆర్సీ ఆయన పేరున మార్పించాలి. 14 రోజుల్లో పాలసీ కూడా మారాలి. "ఈఎంఐ నేను కడతాలే" అని స్టాంపు కాగితం మీద రాసిస్తానంటే ఒప్పుకోకండి. కారు ఆయనకు వద్దంటే మీకు అప్పగించాలి, మీరు అమ్మి లోను తీర్చేయాలి. అయిదున్నర లక్షలకు పోయినా ఫోర్‌క్లోజర్ చార్జీలు (లోను ముందే మూసినందుకు బ్యాంకు తీసుకునేవి) పోను ఎనభై వేల పైన మిగలొచ్చు. ఆ డబ్బు అత్యవసర నిధిగా బ్యాంకులో వేసి మరిచిపోండి. ఏ దారైనా విడాకుల పిటిషన్‌లో రాయించండి. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ, అంటే ఇద్దరూ కోర్టును కోరే రెండు విడతలకూ, మధ్య మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. రెండోసారి కోర్టుకు వెళ్లేలోపు ఆర్సీ పని పూర్తి కావాలని షరతు పెట్టండి. డిక్రీ వచ్చాక ఆయనకు తొందర ఉండదు.

మీ నాన్న ఇచ్చిన రెండున్నర లక్షల బ్యాంకు రుజువు లాయరుకు ఇవ్వండి, స్త్రీధనం కింద అడగొచ్చేమో లాయరే చూస్తారు. లాయరు ఖర్చు భారమైతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత సాయం ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చాలు.

పీఎఫ్‌లో, పాత ఎల్ఐసీ పాలసీల్లో నామినీ ఎవరో చూసుకోండి. విడాకులు వచ్చినంత మాత్రాన పేరు దానంతటదే మారిపోతుందని అనుకోవద్దు. ఆరోగ్య బీమా ఇప్పటిదాకా ఆయన ఫ్యామిలీ పాలసీలో ఉంటే, మీకూ బాబుకూ విడిగా పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దీని మీద జీఎస్టీ కూడా లేదు. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిం ఇవ్వరు. ముందునుంచీ ఉన్న జబ్బులకైతే మూడేళ్ల వరకూ ఆగమంటారు. ఆ గడువు ఆయన పాలసీలో మీ పేర్లు ఉండగానే మొదలైపోవాలి.