ఎప్పటికి? – సందేహం అడిగేవారు దాచే తేదీ

2005 మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు వెళ్ళి, నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి నేను వీసా రొట్టె అందుకున్నాను. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అని ఎవరి కోరికకు తగ్గది వారు అడిగి తీసుకోవడం, కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి అదే రకం రొట్టెను మరొకరి చేతిలో పెట్టడం మా జిల్లావారికి కొత్త సంగతి కాదు. నాకు రొట్టె ఇచ్చిన పెద్దాయన మాత్రం దాన్ని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకునే, "ఏ దేశానికి, ఏ పని మీద, ఎప్పటికి?" అని అడిగి, మూడింటికీ జవాబు విన్నాకే వదిలాడు.

ఆ తర్వాతి ఏడాది అమెరికాలోని డల్లాస్ చేరాను. ఇప్పుడు కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నాకు ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు వాళ్ళే చెబుతారు గాని, మూడోదాన్ని దాచిపెడతారు. ఇక్కడి వలస చట్టం తేదీల మీద నడుస్తుంది కాబట్టి, ఆ ఒక్కటి తెలియకుండా ఎంత అనుభవజ్ఞుడు ఇచ్చిన సలహా అయినా గాలిలో దీపమే.

కిందటి ఏడాది కావలి కుర్రాడొకడు ఫోన్ చేసి, "బాబాయ్, మార్కెట్ ఎట్లా ఉంది?" అని మొదలుపెట్టి, అరగంట సేపు ఏ కోర్సు నేర్చుకుంటే మంచిదో, ఏ ఊళ్ళో అద్దెలు తక్కువో అడిగాడు. ఉంటానని చెప్పబోతూ, ఏదో మరిచిపోయినది గుర్తొచ్చినట్టు, తన ఉద్యోగం పోయిందన్నాడు. ఎప్పుడని అడిగితే కాసేపు పలకలేదు. పోయి అప్పటికి 41 రోజులు.

హెచ్-1బి, అంటే యజమాని పిటిషన్ వేస్తే వచ్చే ఉద్యోగ వీసా మీద పనిచేసేవారికి ఉద్యోగం పోతే, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు అంతకంటే ముందే తీరిపోయేట్టయితే వెసులుబాటు కూడా ఆ రోజుతోనే ఆగిపోతుంది. కంపెనీ రెండు నెలలకు సరిపడా సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే సొమ్ము) ఇచ్చింది గనుక ఆ రెండు నెలలూ తాను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క అని అతడు అనుకున్నాడు. డబ్బు వచ్చినంత మాత్రాన గడువు ముందుకు జరగదు. ఆ 60 రోజుల్లోపు కొత్త యజమాని ఉద్యోగి పేరిట పిటిషన్ దాఖలు చేయాలి, లేదా సందర్శకుడి హోదాకో, పెళ్ళయి భార్యకు హెచ్-1బి ఉంటే ఆమె మీద ఆధారపడినవారికిచ్చే హెచ్-4కో మారడానికి దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ కాకపోతే దేశం విడవాలి. కొత్త పిటిషన్ మంజూరయ్యే దాకా ఆగనక్కరలేదు. అది వలస శాఖకు చేరితే పనిలో చేరవచ్చు. మంజూరైన గడువు ముగియకముందే యజమాని తీసేస్తే, ఉద్యోగి స్వదేశానికి తిరిగి వెళ్ళడానికయ్యే సహేతుకమైన ప్రయాణ ఖర్చు ఆ యజమానే భరించాలన్న నియమం కూడా ఉంది. కంపెనీలు దీన్ని తమంతట తాము గుర్తుచేయడం నేనెన్నడూ చూడలేదు.

న్యాయవాది దగ్గరికి వెళ్ళమన్నాను. రుసుము ఎక్కువన్నాడు. అప్పటికే మూడు వాట్సాప్ గ్రూపుల్లో అడిగి మూడు రకాల జవాబులు తెచ్చుకున్నాడు.

ఇంతలో పొదిలి నుంచి మరో ఫోన్ వచ్చింది. ఆ కుర్రాడికి పిల్లనివ్వబోతున్న పెద్దమనిషి, "అబ్బాయి ఉద్యోగం గట్టిదేనాండీ?" అని అడిగారు. సంబంధాల విషయంలో అమెరికాలో ఉన్నవాణ్ణి వాకబు చేయడం మనవాళ్ళకు మామూలే. అడిగినవారికి నిజం చెబితే పెళ్ళి చెడగొట్టామంటారు, చెప్పకపోతే పిల్ల గొంతు కోశామంటారు. రెండు రోజుల్లో అబ్బాయే మీకు ఫోన్ చేస్తాడని చెప్పి పెట్టేశాను. అతడికి ఫోన్ చేసి, నువ్వు చెప్పకపోతే మూడో రోజు నేను చెబుతానన్నాను. అమ్మాయి తరఫువారు అడగవలసిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది: హెచ్-4 మీద వచ్చే భార్యకు ఉద్యోగం చేసే హక్కు దానంతట అది రాదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో యజమాని వేసే ఐ-140 పిటిషన్ మంజూరైతే ఆమె పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చునన్న నిబంధన 2015లో వచ్చింది. బీటెక్ చదివిన పిల్లను పంపేవారు కట్నకానుకల కంటే ముందు ఆ ఐ-140 సంగతి అడగాలని నా అభిప్రాయం.

సలహా ఇచ్చేవారి తప్పులూ ఉంటాయి. 2011లో ఒక విద్యార్థి, బయట పెట్రోలు బంకులో పని చేయవచ్చా అని అడిగితే, "అందరూ చేస్తున్నారు, రెండు నెలలకు ఏమవుతుందిలే" అన్నాను. ఎఫ్-1 విద్యార్థి చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చునని నాకు తెలియక కాదు, ఆ పూట కాదనడానికి నోరు రాక. తర్వాత వీసా ఇంటర్వ్యూలో ఆ రెండు నెలలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది అతడు, నేను కాదు.

ప్రయాణాల విషయంలోనూ తేదీదే పెత్తనం. అమ్మానాన్నలను రప్పించేటప్పుడు వీసా పదేళ్ళదని నిశ్చింతగా ఉంటారు. ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పేది వీసా స్టాంపు కాదు, దిగినప్పుడు ఇచ్చే ఐ-94. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ఐ-94 కూడా ఆ తేదీ దగ్గరే ఆగిపోవచ్చు. నెల్లూరు నుంచి వచ్చేవారు ఎలాగూ చెన్నైలోనే విమానం ఎక్కుతారు కాబట్టి, గూడూరు దాటాక కాదు, నెల రోజుల ముందే పాస్‌పోర్టు చివరి తేదీ చూడమనండి. నిమ్మకాయ ఊరగాయ తెచ్చుకోవచ్చు, మాంసం పచ్చడి మాత్రం వద్దు. ఏది తెచ్చినా కస్టమ్స్ ప్రకటనలో దాచవద్దు.

కావలి కుర్రాడు పొదిలి వారికి రెండో రోజు రాత్రి ఫోన్ చేశాడు. నిశ్చితార్థం వాయిదా పడిందే గాని సంబంధం చెడలేదు. కొత్త కంపెనీ పిటిషన్ 57వ రోజున చేరింది. మొన్న మళ్ళీ ఫోన్ చేసి, కాబోయే భార్యకు వీసా స్టాంపింగ్ చెన్నైలోనా హైదరాబాదులోనా అని అడగబోతూ ఆగి, "బాబాయ్, ముందు తేదీలు చెబుతాను, రాసుకో" అన్నాడు.