ఇంటర్‌లో ‘కరోనా పాస్’... ఎమ్మెస్సీలో నోరు పెగలడం లేదు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. 2021లో ఇంటర్ పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు కదా, ఆ బ్యాచ్ నాది. ‘కరోనా పాస్ గాళ్లు మీరు’ అని ఒక మాస్టారు క్లాసులో నవ్వుతూ అన్నారు. అప్పటి నుంచి సెమినార్‌కు లేస్తే చాలు గుండె దడ, గొంతు ఎండిపోతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఈసీజీ తీయించాను, బాగానే ఉందన్నారు. జ్వరమని చెప్పి రెండు సెమినార్లు ఎగ్గొట్టాను. తెల్లవారుజాము దాకా నిద్ర పట్టదు. ఏమీ రాకుండానే ఇంతదూరం వచ్చేశాను, ఎప్పుడో బయటపడతానని భయం. మా నాయన 2021 మేలో కరోనాతో తిరుపతి ఆస్పత్రిలో పోయారు. ఇంట్లో అమ్మ, ఇంటర్ చదివే చెల్లెలు. నేను నిలబడకపోతే వాళ్ల గతేంటి? ఒక్కోసారి నేను లేకపోతేనే మేలనిపిస్తుంది.

జవాబు: బాబూ, నీ చివరి మాటే ముందు తీసుకుంటాను. లేకపోతే మేలన్న ఆలోచన వచ్చిపోతోందా, ఎలా అన్నదాకా పోతోందా? ఎలా అన్నదాకా పోతుంటే ఇది చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. గదిలో ఒక్కడివే ఉండకు. పక్క మంచం స్నేహితుడికి ఉన్నదున్నట్టు చెప్పు, 14416కు ఫోన్ చెయ్యి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బులు పడవు, అర్ధరాత్రయినా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆలోచన వచ్చిపోవడమే అయినా ఆ నంబరు ఫోన్‌లో వేసిపెట్టుకో.

ఇక కరోనా పాస్ సంగతి. ఆ ఏడాది మన రాష్ట్రంలో మార్కులు ఊరికే పంచిపెట్టలేదు. పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాది మార్కులకు 70 శాతం చొప్పున లెక్కగట్టారు. ఆ మొదటి ఏడాది పరీక్షలు 2020 మార్చిలో, లాక్‌డౌన్ పడకముందు, నువ్వు హాల్లో కూర్చుని రాసినవే. తర్వాత డిగ్రీ పరీక్షలూ, పీజీ ప్రవేశ పరీక్షా నీ కోసం ఎవరూ రద్దు చేయలేదు. నష్టమే జరగలేదని మాత్రం అనను. సిలబస్ కోసేశారు, సగం పాఠాలు ఫోన్‌లో విన్నారు, కొన్ని అసలు ఎక్కి ఉండవు. రెండో ఏడాది పుస్తకం తెచ్చుకుని ఎలక్ట్రోకెమిస్ట్రీ నుంచి మళ్లీ చదువు. ఎమ్మెస్సీ కుర్రాడికి అది పెద్ద పని కాదు. ఆ మాస్టారి హాస్యం నాకు నచ్చలేదు. ఆ పిల్లల్లో ఎవరింట్లో ఏం జరిగిందో తెలియకుండా అనే మాట కాదది.

పైన అచ్చు వేసింది నీ ఉత్తరాన్ని కుదించి. అసలు ఉత్తరంలో పేజీలకు పేజీలు మార్కుల గోలే. మీ నాయన గురించి కొన్ని వరుసలే ఉన్నాయి, నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. ఆస్పత్రి గేటు బయట మీ మామతో కూర్చున్నావు. రాత్రి నాయన ఫోన్‌లో ‘తోటలో కాయ దింపించినారా’ అని అడిగాడు, తెల్లారి లేడు. చుట్టిన శరీరాన్ని దూరం నుంచి చూపించారు, ఊరికి తేనివ్వలేదు. జూలైలో ఫలితాలొస్తే, ‘నాయన పోయినా కొడుకు పాసయ్యాడు’ అని ఊళ్లో అన్నారు. ఇప్పటికీ ఆ ఆస్పత్రి ముందునుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతావు.

ఏడవడానికి నలుగురు లేరు, సంతోషించడానికి మనసు లేదు. ఆ రెండూ ఒకే వేసవిలో నీ మీద పడ్డాయి. నాకు దక్కకూడనిది దక్కింది అనే బరువు మార్కుల మీద కనిపిస్తోంది గానీ, అది మొదలైంది ఆ గేటు దగ్గరేనని నా అనుమానం. ఉత్తరం చూసి రోగం తేల్చను. కానీ ఏళ్లు గడిచినా మనిషిని వదలని దుఃఖాన్ని చికిత్స అవసరమైన సమస్యగా వైద్యులు గుర్తిస్తున్నారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి విడిగా చోటుంది. బలహీనుడివని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

సంక్రాంతికి పెద్దలకు పెట్టేటప్పుడు నాయన ఫొటో ముందు కొత్త పంచె పెట్టి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుందని రాశావు. నీ ముందు ఏడవకూడదని ఆమె, ఆమె ముందు ఏడవకూడదని నువ్వు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ కాయ దింపిన మాట ఆమెకు చెప్పు. ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పు. ఆమె ఏడిస్తే ఏడవనీ. చెల్లెల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో, దానికి అప్పుడు పన్నెండేళ్లుంటాయేమో, దాన్ని ఎవరు అడిగారు? ఆ రోజు కర్మ సరిగా జరగలేదన్న బాధ మీ అందరికీ ఉంటే, వచ్చే సంవత్సరీకానికి మీ ఇంటి పద్ధతిలో నలుగురిని పిలిచి అన్నం పెట్టండి. దోషమనీ శాంతులనీ ఎవరైనా డబ్బు ఖర్చు చెప్తే వినొద్దు. అప్పట్లో భయపడి రాని బంధువుల మీద కోపం ఉంటే ఉండనీ, పిలవాలనిపించిన వాళ్లనే పిలవండి.

సెమినార్ మాత్రం ఇక ఎగ్గొట్టొద్దు. తప్పించుకున్న రోజు హాయిగా ఉంటుంది, మరుసటిసారికి భయం రెట్టింపవుతుంది. ఆ దడ మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తనంతట తానే దిగుతుంది. దాని వల్ల గుండె ఆగిపోదు. ఊపిరి గబగబా పీల్చకుండా, నెమ్మదిగా బయటికి వదలడం మీద దృష్టి పెట్టు. ముందు రూమ్మేట్ ఎదుట మొత్తం చెప్పు, తర్వాత సాయంత్రం ఖాళీ క్లాసురూములో బోర్డు దగ్గర నిలబడి ఇద్దరు ముగ్గురికి చెప్పు. అసలు రోజున మొదటి పేరు నీదే వేయమని అడుగు. వంతు కోసం కాచుకుని కూర్చోవడమే నిన్ను ఎక్కువ తినేస్తుంది. నీకు నమ్మకమున్న లెక్చరర్ ఒకరికి ఈ ఇబ్బంది ముందే చెప్పి ఉంచు. ఆ నవ్విన మాస్టారికి చెప్పనక్కర్లేదు.

నిద్ర ఎప్పుడు పట్టినా లేచే వేళ మార్చొద్దు, మధ్యాహ్నం దాటాక టీ మానెయ్.

వీటితో పాటు సైకియాట్రిస్టును ఒకసారి కలవడం తప్పనిసరి. మీ నాయన పోయిన తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. ఆ ఆవరణలో అడుగు పెట్టడమే కష్టమనిపిస్తే మొండికి పోవద్దు, మీ ఊరి నుంచి వేలూరు దగ్గరే, అక్కడి సీఎంసీ ఆస్పత్రిలో చూపించుకో. దడకీ నిద్రకీ మందు రాస్తే భయపడకు, మధ్యలో నీ అంతట నువ్వు ఆపెయ్యకు. ఒక్కడివే పోవద్దు. ఆ రాత్రి గేటు బయట నీతో కూర్చున్న మామ ఉన్నాడు కదా, ఆయన్నే తోడు రమ్మను.