డీలర్ వర్క్‌షాప్‌కా, డేటా సైన్స్ కోర్సుకా?

ప్రశ్న: మాది గోదావరిఖని. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. ప్రొక్లెయిన్లు, డంపర్ల డీలర్ ఒకరు సర్వీస్ ట్రైనీగా తీసుకుంటామన్నారు. ఇంటర్వ్యూలో పీఎం, ఎంటీబీఎఫ్, అండర్‌క్యారేజ్ అని అడిగితే సగం అర్థం కాలేదట. ‘నా వల్ల కాదు’ అంటున్నాడు. మా బావమరిదేమో అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటున్నాడు. గ్రీజు బట్టల ఉద్యోగమంటే రేపు పిల్లనెవరిస్తారని ఇంట్లో ఒకటే గొడవ. ఏది మేలు?

జవాబు: ముందు అబ్బాయి టెన్షన్ సంగతి చూద్దాం. ఆ మాటలు రాకపోయినా డీలర్ రమ్మన్నాడు కదా! ట్రైనీకి అన్నీ తెలిసుండాలని వాళ్లూ అనుకోరు.

ఈ బండ్లకు లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో. అవర్ మీటర్ 250, 500, 1000 చేరినప్పుడల్లా కంపెనీ చెప్పిన ప్రకారం ఆయిల్, ఫిల్టర్లు మార్చి, బండంతా చూసుకోవడం పీఎం, అంటే ప్రివెంటివ్ మెయింటెనెన్స్. పని మధ్యలో ఆగిపోతే బ్రేక్‌డౌన్. ఒక బ్రేక్‌డౌన్‌కూ ఇంకో బ్రేక్‌డౌన్‌కూ మధ్య బండి సగటున నడిచే సమయం ఎంటీబీఎఫ్. 500 గంటల్లో ఐదుసార్లు ఆగితే అది 100 గంటలు. ఆ ఐదు రిపేర్లకూ కలిపి 20 గంటలు పడితే ఎంటీటీఆర్, అంటే ఒక్కో రిపేరుకు పట్టే సగటు సమయం, 4 గంటలు. ఉత్త భాగహారం. చైను, రోలర్లు, ఐడ్లర్, స్ప్రాకెట్... బండి కింద తిరిగే ఈ సరంజామా అంతా అండర్‌క్యారేజ్.

అసలు పనితనం ఆయిల్ శాంపిల్ దగ్గర తెలుస్తుంది. ఇంజిన్ ఆయిల్ రిపోర్టులో సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి పోతోందేమోనని ఎయిర్ ఫిల్టర్, దాని గొట్టాలు చూస్తారు. ఇనుము పెరిగితే లోపల ఏదో అరుగుతోందన్నమాట. ఇంజిన్ విప్పకుండానే రోగం పట్టుకోవడం ఇది.

ఒక్కటి మాత్రం మొదటి రోజే నేర్చుకోవాలి. హైడ్రాలిక్ లైన్లలో ఒత్తిడి 350 బార్ దాకా ఉంటుంది. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. సన్నటి చిమ్ము చర్మంలోకి దూరితే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది. నొప్పి లేకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక డేటా సైన్స్. అది చెడ్డదని అనను. లెక్కలంటే ఇష్టం ఉండి, రెండు మూడేళ్లు ఓపిగ్గా కూర్చునేవాడికి బాగానే ఉంటుంది. నాలుగు నెలల కోర్సు మీదే నాకు అనుమానం. అదే సర్టిఫికెట్‌తో బీటెక్‌లూ, ఎమ్మెస్సీలూ వరుసలో నిలబడితే డిప్లొమా పిల్లాణ్ణి ముందు పిలిచేదెవరు? ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి, ఏమంటారో చూడండి. పైగా మీ అబ్బాయికి కోడింగ్ ఇష్టమని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ ఇష్టం మీ బావమరిదిది.

కోప్పడకండి గానీ, ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, డంపర్లు రాత్రీ పగలూ తిరిగే ఊళ్లో ఉండి, వాటిని బాగుచేసే పనిని మీరే చిన్నచూపు చూస్తే వాడికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాని సంబంధం కోసం వచ్చిన ఉద్యోగం వదులుకుంటారా? కష్టాలు లేవనను. ఎండ, దుమ్ము, అర్ధరాత్రి బ్రేక్‌డౌన్ ఫోన్లు, మొదట్లో తక్కువ జీతం అన్నీ ఉంటాయి. హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్స్ రెండూ పట్టుబడితే గనులు, రోడ్లు, క్రషర్లు ఎక్కడైనా పని దొరుకుతుంది.

చేరే ముందు డీలర్‌ను మూడు సంగతులు అడగండి: ట్రైనింగ్ ఎన్ని నెలలు, సైట్‌కు పంపితే ఇన్సూరెన్స్ ఉందా, సేఫ్టీ షూస్, హెల్మెట్ వాళ్లే ఇస్తారా. జవాబులు ఆఫర్ లెటర్‌లో ఉంటే పంపండి.