ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు పరీక్షలకు వెళ్ళు

చిన్నా,

నిన్న ఫోన్‌లో "అత్తా, మూర్ఛకి మెదడు ఆపరేషన్ చేయించుకోనా వద్దా, ఒక్క మాటలో చెప్పెయ్" అన్నావు. ఒక్క మాటలో తేలేదైతే నేను పదకొండేళ్ళు నాన్చేదాన్నే కాదు. తీరిగ్గా చదువుకో.

నేను చేసిన తప్పు ముందు చెప్తాను. ఆపరేషన్ కుదురుతుందో లేదో చూసే పరీక్షలకు వెళ్తే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టే అనుకుని అన్నేళ్ళూ వెళ్ళనే లేదు. పరీక్షలన్నీ అయ్యాక కూడా "వద్దండీ" అని లేచి రావచ్చని నాకెవరూ చెప్పలేదు. నీకు తగిన మందులు రెండు, సరిపడా మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు మూడో వంతు ఈ లెక్కలోకే వస్తారు. ఆ తర్వాత ఇంకో మందుతో పూర్తిగా ఆగుతాయన్న ఆశ బాగా సన్నగిల్లుతుంది. నేను ఐదో మందు దాకా ఆశపడ్డాను. నువ్వు మూడోదాంట్లో ఉన్నావు.

పరీక్షల్లో అసలైంది వీడియో ఈఈజీ, అంటే వీడియో తీస్తూ మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసేది. తలంతా వైర్లు అతికించి, కెమెరా పెట్టి, మందులు తగ్గించి, ఫిట్స్ కోసం కాచుకుని కూర్చుంటారు. ఇన్నేళ్ళూ రాకుంటే చాలనుకున్నదాన్ని, రెండ్రోజులైనా రాలేదేమిటా అని టెన్షన్ పడ్డాను! మూడో రోజు వచ్చింది. తర్వాత డాక్టరు ఆ వీడియో చూపించారు. "ఓ నిమిషం మతి తప్పుతుంది, అంతే" అని అందరికీ చెప్పుకునేదాన్ని కదా. తెర మీద ఒకావిడ పెదాలు చప్పరిస్తోంది. ఎడం చేత్తో దుప్పటి అంచు నలుపుతోంది, కుడి చెయ్యి వంకర తిరిగి బిగుసుకుపోయింది. నర్సు పేరు అడుగుతుంటే గోడకేసి చూస్తోంది. మీ మామయ్య ఇన్నేళ్ళుగా చూస్తున్నది ఇదా అనిపించి నోట మాట రాలేదు.

ఇక ఫలితం. నాది కణత వెనకుండే మెదడు భాగం, టెంపోరల్ లోబ్‌లో పుట్టే మూర్ఛ. ఈ రకం ఉన్న 80 మంది మీద కెనడాలో చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. సగం మందిని ఆపరేషన్‌కు, సగం మందిని మందులకు కేటాయించారు. ఏడాదికి, స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్ళు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. మిగతా 42 శాతాన్ని కూడా చూడు. పైగా అది నీ అంకె కాదు. ఎంఆర్ఐలో మచ్చ స్పష్టంగా కనిపించి, ఈఈజీ కూడా అక్కడికే చూపిస్తే అవకాశాలు మెరుగు. ఎంఆర్ఐలో ఏమీ కనిపించకపోతే లెక్క మారిపోతుంది. "నాలాంటి కేసులో ఎంత?" అని అడుగు, మొహమాటపడకు.

జ్ఞాపకశక్తి పోతుందేమో అన్నావు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అతనికి మూర్ఛ తగ్గించడానికి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌ను రెండు వైపులా తీసేశారు. అప్పట్నుంచీ కొత్త సంగతులేవీ అతనికి గుర్తుండేవి కావు. అందుకే ఇప్పుడు ఒక వైపే ముట్టుకుంటారు, ముందే జ్ఞాపకశక్తినీ మాటనూ పరీక్షిస్తారు. నాది ఎడమ వైపు, మాటలుండే వైపు. ఆపరేషనయ్యాక ఓ రోజు తాళం చేతిలో పట్టుకుని, దాని పేరు రాక, "అదే, తలుపుకి వేసేది" అన్నాను. చాలావరకు కుదుటపడింది కానీ మనుషుల పేర్లు ఇప్పటికీ తడుముకుంటాను. చూపులో కుడివైపు పైన కొంచెం కోత పడింది. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, పక్షవాతం లాంటివి అరుదైనా ఉన్నాయి, వాటిని కూడా విడివిడిగా అడుగు.

అయితే ఈ రిస్కును ఏమీ లేని హాయైన బతుకుతో పోల్చకు, ఇప్పుడు నువ్వు బతుకుతున్న బతుకుతో పోల్చు. మూర్ఛ ఉన్న పెద్దవాళ్ళలో ఏటా వెయ్యికి ఒకరు చొప్పున హఠాత్తుగా చనిపోతారు, ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్ ఆగనివాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇది రాయడానికి చెయ్యి రాలేదు, కానీ నాకెవరూ చెప్పలేదన్న కోపం ఇంకా ఉంది.

ఆపరేషన్ కుదరదంటే కుంగిపోకు. మెడలో నరానికి కరెంటు పంపే పరికరం లాంటి దారులున్నాయి. పూర్తిగా ఆగడం అరుదే గానీ చాలామందికి తగ్గుతాయి.

చేయించుకుంటే, మాత్రలు మర్నాటి నుంచే మానేస్తారనుకోకు. నేను ఒకటి ఇప్పటికీ వేసుకుంటున్నాను. మొదటి ఏడాది రెండుసార్లు ఫిట్స్ వచ్చింది, తర్వాత ఎనిమిదేళ్ళుగా లేదు. ఇంకోటి, ఆ మొదటి నెలల్లో కారణం లేకుండా ఏడుపొచ్చేది. ఫిట్స్ ఆగాక ఏడవడమేంటని సిగ్గుపడి దాచాను. నువ్వు దాచకు, దానికీ మందుంది.

మీ నాన్న తొందరపెడతాడు, మీ అమ్మ ఆపుతుంది. ఇద్దరివీ విను, సంతకం మాత్రం నీది.

ఫిట్స్ వచ్చిన తేదీలు రాసిన పుస్తకం, పాత ఎంఆర్ఐలు, వాడిన మందుల మోతాదులు ఒక సంచిలో పెట్టుకో. ఫిట్స్ వచ్చినప్పుడు మీ అమ్మను ఫోన్‌లో వీడియో తియ్యమను. అపాయింట్‌మెంట్ రోజు నేనూ వస్తాను. లోపలికి రమ్మంటే వస్తా, లేదంటే బయట కుర్చీలో కూర్చుంటా.

మీ అత్త