పడవ లాగే మోకుకు తాడు షాకిల్‌ను నమ్మవచ్చా?

పడవను ట్రాక్టరుతో ఒడ్డుకు లాగేటప్పుడు మోకును తగిలించే, పిన్నుతో మూసే ఇనుప కొండీకి, అంటే ఇనుప షాకిల్‌కు బదులు తాడుతో అల్లిన షాకిల్‌ను నమ్మవచ్చా అని అడిగారు. నిస్సందేహంగా నమ్మవచ్చు. ఇనుమును ఎందుకు వదిలిపెట్టానో చెబుతాను.

2018 అక్టోబరు 10 సాయంత్రం, తిత్లీ తుపాను మా శ్రీకాకుళం తీరాన్ని తాకడానికి కొన్ని గంటల ముందు, భావనపాడు దగ్గరి మా ఊళ్లో ఫైబరు పడవలన్నింటినీ ఒకే ట్రాక్టరుతో ఇసుక దిబ్బ మీదికి చేరుస్తున్నాం. రెండో పడవ లాగాక షాకిల్ పిన్ను కదలలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి మర బిగుసుకుపోయింది. కిరోసిన్ పోశాం, సుత్తితో కొట్టాం, పానాతో తిప్పితే పిన్ను తల అరిగింది గాని మర విడలేదు. చివరికి మోకునే కత్తితో కోసి, మిగిలిన ముక్కకు ముడి వేసేసరికి చీకటి పడింది, కెరటాలు దిబ్బ అంచును కోసేశాయి. దిగువన ఉండిపోయిన మా బావ పడవ తెల్లవారేసరికి రెండు ముక్కలై కనిపించింది. ఆ కుటుంబానికి ఉన్న ఆధారం అదొక్కటే.

ఆ తరువాత, ఓడలను లాగే టగ్గు మీద పనిచేసే మా తమ్ముడు డైనీమా అనే చాలా గట్టి కృత్రిమ పోగు తాడు తెచ్చి షాకిల్ అల్లడం నేర్పాడు. పన్నెండు పేటలతో, లోపల బోలుగా అల్లిన తాడును సగానికి మడిచి, మడత దగ్గర ఒక కన్ను వదిలి, ఒక కాలును రెండో కాలి బోలులోకి దూర్చి, బయటికి వచ్చిన రెండు కొసలనూ కలిపి గుండీలా ఉబ్బెత్తుగా ఉండే డైమండ్ ముడి వేయాలి. కన్నును వెడల్పు చేసి ముడిని అందులోంచి దాటిస్తే, బరువు పడేకొద్దీ కన్ను ఆ ముడి మెడను బిగించి పట్టుకుంటుంది. బరువు తీయగానే తడి చేతులతోనైనా విడదీయవచ్చు. ఈ పోగు చాలా నున్నన కాబట్టి చేతి బిగింపు చాలదు. నేను ముడిని ట్రాక్టరుకు తగిలించి నిదానంగా లాగి బిగిస్తాను, కొసలు బెత్తెడు వదులుతాను.

దుకాణాల తీరు మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. మెరిసే పాలిప్రొపిలీన్ తాడును అదే రకమని అంటగడతారు. తెగే బరువెంత అని అడిగితే తాడు లావు చూపిస్తారు. రెండూ నీటిలో తేలేవే కాబట్టి తేలడాన్ని గుర్తుగా పెట్టుకోకండి, తెగే బరువు రాసి ఇవ్వనిదే కొనకండి.

లంగరు దగ్గర నేను ఇనుమునే ఉంచాను, ఎందుకంటే అక్కడ ఇసుక, రాళ్లు పోగులను కొరికేస్తాయి. ట్రాక్టరు కొక్కేనికి పదునైన అంచులుంటే ముందుగా ఆకురాయితో నున్నగా రాయండి. పరుగెత్తే మోకును తాడు షాకిల్‌కు రాసుకోనివ్వకండి. సుమారు 145 డిగ్రీల వేడికే ఈ పోగు కరుగుతుంది. నైలాను మోకు సాగి తెగితే కొసనున్న ఇనుప షాకిల్ రాయిలా దూసుకువస్తుంది, తాడు షాకిల్‌కు అంత బరువు లేదు. అయినా లాగేటప్పుడు మోకు వరుసలో ఎవరినీ నిలబెట్టకండి.

మా బావ కొత్త పడవకు నేను అల్లినదే ఉంది. పోయిన సంక్రాంతికి కన్ను దగ్గర నూగు లేచిందని దాన్ని తీసేసి, కొత్తది అల్లి ఇచ్చాను.