తలుపులు మూసి నేలమీద ఆపిన ఆ యాభై నిమిషాలు

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే ఉదయపు విమానంలో తలుపులు మూసి యాభై నిమిషాలు కూర్చోబెట్టారని, పైలట్ "ఏటీసీ అనుమతి ఇంకా రాలేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారని, అన్నీ సిద్ధంగా ఉన్నప్పుడు బయలుదేరి ఆ ఆగేదేదో ముంబయి దగ్గరే ఆగవచ్చు కదా అని మీరు అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ ఏటీసీలోనే, అంటే విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. "అక్కడికి వెళ్లి ఆగవచ్చు కదా" అన్న పద్ధతిలోనే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది కనుక, దాని కష్టం ఏమిటో నాకు బాగా తెలుసు.

ఒక జూలై సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. దేశం మొత్తానికి విమానాల ప్రవాహాన్ని ఒకే చోటి నుంచి నియంత్రించే ఏర్పాటు అప్పటికి రాలేదు. ఒక మహానగర విమానాశ్రయంలో నేను అప్రోచ్ డ్యూటీలో, అంటే దిగడానికి వచ్చే విమానాలను వరుసలో పెట్టే పనిలో ఉన్నాను. మా రోజుల్లో ఒక్కో విమానానికి ఒక్కో కాగితపు స్ట్రిప్ ఉండేది. దాన్ని ప్లాస్టిక్ పట్టీలో దూర్చి, ఏ విమానం ఏ ఎత్తులో ఉందో ఆ వరుసలో బోర్డు మీద పేర్చుకునేవాళ్లం. వాన దంచి కొడుతున్న ఆ సమయంలో ఏడు వేల అడుగుల నుంచి పదిహేను వేల అడుగుల దాకా, వెయ్యి అడుగులకొకటి చొప్పున తొమ్మిది విమానాలు ఒకదానిపై ఒకటి చక్కర్లు కొడుతున్నాయి. కింది ఎత్తుల్లో ఒక్కో చక్కరుకు నాలుగు నిమిషాలు పడుతుంది. అంతలో దిగబోతున్న విమానం ఒకటి రన్‌వే కనిపించక మళ్లీ పైకి లేచింది, గాలి దిశ మారి రన్‌వే మీద దిగే దిశను అటునుంచి ఇటు మార్చవలసి వచ్చింది, పదకొండు వేల అడుగుల్లో ఉన్న పైలట్ "మినిమమ్ ఫ్యూయెల్" అని చెప్పారు. అంటే అది ప్రమాద హెచ్చరిక కాదు, ఇక ఆలస్యాన్ని భరించలేను అని చెప్పడం. ఆయనను ముందుకు తీసుకోవాలంటే కింద ఉన్న నలుగురిని పక్కకు జరపాలి, తక్కిన ఎనిమిది స్ట్రిప్పుల మీదా దిగే సమయాలు కొట్టేసి కొత్తవి రాయాలి, ఆ కొత్త సమయం విన్న ప్రతి పైలట్‌కూ తన దగ్గర మిగిలిన ఇంధనం ఎంతో మళ్లీ లెక్క చూసుకునే వ్యవధి ఇవ్వాలి.

ఆ గంటలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టినవి బోర్డు మీద ఉన్న ఆ తొమ్మిది స్ట్రిప్పులు కావు. అదే సమయంలో గంట ప్రయాణ దూరంలోని వేర్వేరు ఊళ్ల నుంచి మా వైపు టేకాఫ్ అయినట్టు సమాచారం వచ్చి, మరో మూడు కొత్త స్ట్రిప్పులు నా చేతికి అందాయి. ఇక్కడ చోటు లేదని నాకు తెలుసు, వాటిని పంపినవారికి తెలియదు. తెలిసినా, టైమ్‌టేబుల్ ప్రకారం సిద్ధమైన విమానాన్ని మా కోసం ఆపే అధికారం వారికి లేదు.

మీరు వెళ్లిన ముంబయి సంగతే చూడండి. అక్కడి రెండు రన్‌వేలు ఒకదానినొకటి ఖండించుకుంటూ పోతాయి కనుక ఒక సమయంలో ఒకదానినే వాడతారు. 2024 ఫిబ్రవరి దాకా ఉన్న లెక్క ప్రకారం రద్దీ వేళల్లో గంటకు 46 విమానాలు అన్నప్పుడు అందులో సగం దిగేవి, సగం ఎగిరేవి అనుకుంటే, దిగే విమానానికీ దాని వెనుక వచ్చే విమానానికీ మధ్య రెండున్నర నిమిషాలకు కాస్త ఎక్కువ ఎడం మాత్రమే మిగులుతుంది. ఆ ఎడంలోనే దిగినది రన్‌వే వదిలి పక్కకు తప్పుకోవాలి, ఎగరవలసినది వచ్చి నిలబడి ఎగిరిపోవాలి. గంటకు 23 దిగగలిగే చోటికి 27 వస్తున్నాయనుకోండి. గంటకు నాలుగే కదా ఎక్కువ అనిపిస్తుంది, కానీ మూడు గంటలు గడిచేసరికి పన్నెండు విమానాలు పోగుపడి, చివరిది అరగంటకు పైగా తిరగవలసి వస్తుంది. ముంబయి మీద విమానాలు 40 నుంచి 60 నిమిషాల పాటు చక్కర్లు కొడుతున్నాయని, విమానం సగటున గంటకు 2000 కిలోల ఇంధనం తాగుతుందని 2024 ఫిబ్రవరిలో పౌర విమానయాన శాఖే ప్రకటించి, రద్దీ వేళల్లో గంటకు 46 ఉన్న సంఖ్యను 44కు, మిగిలిన వేళల్లో 44ను 42కు తగ్గించింది. గత కొన్నేళ్లలో మన గగనతలానికి సంబంధించి తీసుకున్న నిర్ణయాలలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇదే. గంటకు రెండు విమానాలు తగ్గించినందుకు గగ్గోలు పెట్టినవారిలో ఒక్కరైనా ఒక సాయంత్రం అప్రోచ్ గదిలో మా పక్కన కూర్చుని ఉంటే అలా మాట్లాడేవారు కాదు.

ఇప్పుడు ఢిల్లీలో ఉన్న విమాన ప్రవాహ నియంత్రణ కేంద్రం ఏ విమానాశ్రయానికి ఏ గంటలో ఎన్ని విమానాలు వస్తున్నాయో ముందే చూసి, మితిమీరినప్పుడు బయలుదేరే చోటే లెక్కకట్టిన టేకాఫ్ సమయం ఇస్తుంది. మేం దానిని సీటాట్ అంటాం. గల్ఫ్ నుంచో యూరప్ నుంచో అప్పటికే గాలిలో ఉన్న విమానాన్ని నేలమీద ఆపడం ఎవరి వల్లా కాదు కనుక, ఆపగలిగేది గంట, గంటన్నర దూరంలో ఇంకా నేలమీదే ఉన్న విమానాన్నే. హైదరాబాద్ సరిగ్గా ఆ దూరంలో ఉంది. ముంబయిలో వాన పడితే హైదరాబాద్‌లో ఎండలో నిలిచిన విమానం ఆగడానికి కారణం ఇదే, మీ మీద వివక్ష ఏమీ లేదు.

తలుపుల విషయంలో మాత్రం మీ కోపంలో సగం న్యాయమే. తలుపులు మూసి సిద్ధంగా ఉంచడానికి ఒక కారణం ఉంది. వరుసలో ముందున్న విమానం ఏదైనా తప్పుకుంటే మీకిచ్చిన టేకాఫ్ సమయం హఠాత్తుగా ఇంకా త్వరగా వస్తుంది, అప్పుడు సిద్ధంగా ఉన్న విమానమే దానిని అందుకోగలదు. యూరప్‌లో ఇచ్చిన సమయానికి అయిదు నిమిషాల ముందు నుంచి పది నిమిషాల తర్వాత వరకే గడువు. అది దాటితే మళ్లీ కొత్త సమయం కోసం ఎదురుచూడవలసిందే. ప్రయాణికులను దించి, తిరిగి ఎక్కించి, సామాను సరిచూసుకునేలోపు ఆ గడువు చేజారిపోతుంది. అయితే యాభై నిమిషాలు ఆగాలని ముందే తెలిసినప్పుడు ఎక్కించడమే ఆలస్యం చేసి, లాంజ్‌లో మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టవచ్చు. అలా చేయకపోవడానికి సమయానికే తలుపులు మూశామని లెక్కలో చూపించుకోవాలన్న ఆరాటమే కారణమని నా గట్టి నమ్మకం. "ఏటీసీ అనుమతి రాలేదు" అని నెపం మా మీదకు నెట్టడం కూడా నాకు నచ్చదు. "ముంబయిలో రద్దీ ఉంది, మనకు ఎనిమిదీ పదికి సమయం ఇచ్చారు" అని చెప్పడానికి పది సెకన్లు చాలు, వినేవారికి ఆ మాత్రం అర్థం చేసుకునే తెలివి ఉంది.

ఆ జూలై సాయంత్రం మినిమమ్ ఫ్యూయెల్ అన్న పైలట్ క్షేమంగా దిగారు. తర్వాత వచ్చిన మూడింటిలో రెండింటిని వేరే ఊళ్లకు మళ్లించవలసి వచ్చింది, వాటిలోని ప్రయాణికులు మర్నాడు తెల్లవారాక గాని మా ఊరు చేరలేదు. బయలుదేరే ముందు వారిని ఒక్క గంట ఆపగలిగి ఉంటే, ఆ రాత్రి ఆలస్యంగానైనా ఇళ్లకు వెళ్లి భోజనం చేసి పడుకునేవారు.