ముద్ద దిగనివ్వని కండరం

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తయ్యకి 54 ఏళ్లు. ఏడాదిగా అన్నమే కాదు, మంచినీళ్లు కూడా గుండెల దగ్గర ఆగిపోతున్నాయంటున్నారు. రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే నోట్లోకి వస్తోంది. పరీక్షలు చేసి ‘అకలేషియా’ అన్నారు. మా బంధువొకాయన ఇది ఆక్సిడేటివ్ స్ట్రెస్ వల్లేనని, యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ మూడు నెలలు వాడితే కండరం వదులవుతుందని పట్టుబడుతున్నారు. కొనమంటారా?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఆయన మాటల్లో సగం సైన్సు ఉంది, చిక్కంతా అక్కడే.

అన్నవాహిక చివర, జీర్ణాశయం మొదలయ్యేచోట కండరం ఎప్పుడూ బిగిసే ఉంటుంది. అది సరిగ్గా వదులవకపోవడమే అకలేషియా. మామూలుగా గుటక వేయగానే వదులై, ముద్ద దిగాక మళ్లీ బిగుస్తుంది. వదులవమని కబురు పెట్టేది అక్కడి నరాలు విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. అది కండర కణంలోకి చొరబడి సైక్లిక్ జీఎంపీ అనే రసాయనం తయారయ్యేలా చేస్తుంది, దాంతో కణంలో క్యాల్షియం తగ్గి పట్టు సడలుతుంది. రక్తనాళాల్లో ఈ కబురు సంగతి తేల్చినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ ఇచ్చారు.

ఈ వాయువు ఆయుష్షు కొన్ని సెకన్లే. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే, కణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరిగిపోవడం. వాటిలో ఒకటైన సూపరాక్సైడ్ ఈలోగా ఎదురైతే రెండూ కలిసి పెరాక్సీనైట్రైట్ అయిపోతాయి, కబురు కండరానికి చేరదు. మీ బంధువు చెప్పేది ఇదే. కానీ కథ ఒక్క దిక్కునే నడవదు. యాసిడ్ ఎగదన్ని అన్నవాహిక వాచినప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అదే కోవది, కానీ అది ఇదే కండరాన్ని బిగించడం పోయి వదులు చేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు.

మీ అత్తయ్య విషయంలో అసలు నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టించే నరకణాలే నశించాయి. రోగనిరోధక వ్యవస్థే వాటిపై దాడి చేస్తుందన్నది ప్రధానమైన అనుమానం. ఉత్తరం రాసేవాడే లేనప్పుడు దారిలో దొంగల్ని పట్టుకుని ఏం లాభం? పోయిన నరాలను ఏ క్యాప్సూలూ తిరిగి తేలేదు. పైగా నీళ్లే దిగనిచోట అంత లావు క్యాప్సూల్ ఇరుక్కుంటే పుండు పడుతుంది.

నా దగ్గరికొచ్చే ఇలాంటివాళ్లు ముద్దకో గుక్క నీళ్లు తాగి, లేచి నిలబడి, ఒళ్లు వెనక్కి విరిచి దింపుకుంటారు. భోజనానికి గంట పడుతుందని పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. ఆవిడా అలాగే చేస్తున్నారేమో గమనించండి.

ఎండోస్కోపీ చేయించకపోతే ముందు చేయించండి, క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. వైద్యమంటే ఆ కండరాన్ని బెలూన్‌తో సాగదీయడమో, కోయడమో. కోతకు పొట్ట వైపు నుంచి చేసే హెల్లర్ ఆపరేషన్ ఉంది, నోటి ద్వారా ఎండోస్కోప్‌తో చేసే ‘పోయెమ్’ ఉంది. రెండోదాన్ని 2008లో జపాన్‌లో ఇనోయె అనే డాక్టరు మొదలుపెట్టారు. దాని తర్వాత యాసిడ్ ఎగదన్నడం ఎక్కువే, అందుకు మాత్రలు వాడాల్సి రావచ్చు. ఈలోపు రాత్రి భోజనం పెందలాడే ముగించి, మంచం తలవైపు ఎత్తు పెట్టండి.

మానోమెట్రీ (అన్నవాహికలో ఒత్తిడిని కొలిచే పరీక్ష) రిపోర్టులో అకలేషియా ఎన్నో రకమో రాసి ఉంటుంది, చూడండి. మూడో రకమైతే బెలూన్ కన్నా పోయెమ్ వైపే మొగ్గమంటాను.